పొణికి చెట్టు నుంచి బొమ్మల కాలనీ దాకా: కొండపల్లి అడవిలో మూడు రోజులు

విజయవాడ నుంచి హైదరాబాదు వైపు 65వ నంబరు జాతీయ రహదారిలో వెళ్తూ ఇబ్రహీంపట్నం దాటుతుంటే కుడిచేతి పక్కన ఒక కొండల వరస కనిపిస్తుంది. వానలు పడ్డాక పచ్చగా, ఎండలు ముదిరాక బూడిద రంగులో, ఎప్పుడు చూసినా మనిషి అలికిడి లేనట్టే ఉంటుంది. అదే కొండపల్లి రిజర్వు ఫారెస్టు. సుమారు 30 వేల ఎకరాలు. కొండపల్లి బొమ్మ పేరు వినని తెలుగువాళ్లు ఉండరు. ఆ బొమ్మకు కర్రనిచ్చే తెల్ల పొణికి చెట్టును కళ్లతో చూసినవాళ్లు మాత్రం తక్కువ.

ఇక్కడికి వచ్చేవాళ్లు మామూలుగా పొద్దున కోట ఎక్కుతారు, మధ్యాహ్నం బొమ్మ కొంటారు, సాయంత్రం బస్సెక్కేస్తారు. అలా వెళ్తే అడవి ఫొటోల వెనక పచ్చదనంగా మిగిలిపోతుంది. అంతకన్నా మంచి వరస ఒకటుంది. మొదటి రోజు చెట్టు, రెండో రోజు కొండ, మూడో రోజు బొమ్మ. ఆకు ముట్టుకుని, బెరడు చూసి, ఆ చెట్టు ఎంత రాతినేలలో బతుకుతుందో తెలుసుకున్నాక బొమ్మల కాలనీలో కూర్చుంటే అడగాల్సిన ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

కాలం విషయంలో రాజీ పడొద్దు. అక్టోబరు రెండో సగం నుంచి జనవరి చివరి దాకా బాగుంటుంది. అప్పటికి వానలు తగ్గి బాటలు ఆరతాయి, చెట్ల మీద ఆకు ఉంటుంది, సీతాకోకచిలుకలు ఎక్కువగా తిరుగుతాయి. ఫిబ్రవరి నుంచి ఆకు రాలడం మొదలవుతుంది. ఇది ఆకురాల్చే ఎండు అడవి కాబట్టి వేసవిలో నీడే దొరకదు. పైగా రాయి కాగి, పొద్దుగూకాక కూడా సెగ వదుల్తూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ కొండలెక్కడం వడదెబ్బను పిలిచి తెచ్చుకోవడమే. జూలై, ఆగస్టుల్లో పచ్చదనం బాగానే ఉంటుంది గాని, వాగు దాటి వెళ్లాక పైన వాన పడితే తిరిగి రావడం కష్టం.

బస విజయవాడలోనే పెట్టుకోండి. కొండపల్లి అక్కడికి 20 కిలోమీటర్ల లోపే. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు సిటీ బస్సులు తరచుగా ఉంటాయి. విజయవాడ–కాజీపేట రైలు మార్గంలో కొండపల్లి స్టేషను కూడా ఉంది, అయితే అక్కడ అన్ని రైళ్లూ ఆగవు.

మొదటి రోజు: మూలపాడు అడవి

మూలపాడు ఇబ్రహీంపట్నం దాటాక అదే హైదరాబాదు రోడ్డు మీద ఉంది. నందిగామ, జగ్గయ్యపేట వైపు వెళ్లే పల్లెవెలుగు బస్సు ఎక్కితే ఊరి దగ్గర ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆపకపోవచ్చు, ఎక్కేముందే కండక్టరును అడగాలి. ఊరి వెనక కొండల అంచున అటవీశాఖ ఏర్పాటు చేసిన సీతాకోకచిలుకల పార్కు ఉంది. మామూలు సందర్శకులు అడవిలోకి అడుగు పెట్టడానికి సరైన దారి అదే. మిగతా అడవి రిజర్వు కింద ఉంది. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి చొరబడటం, నిప్పు రాజేయడం, కర్ర కొట్టడం నేరాలు. పార్కు దాటి లోపలి కొండల మీదికి వెళ్లాలనుకుంటే ముందుగా అటవీ అధికారుల అనుమతి తీసుకుని, వాళ్లు పంపే మనిషిని వెంటబెట్టుకుని వెళ్లాలి. గేటు దగ్గర బతిమాలితే పని జరుగుతుందనుకుని రావద్దు.

సంచిలో ఏముండాలంటే: మనిషికి 3 లీటర్ల నీళ్లు, 2 ఓఆర్‌ఎస్ పొట్లాలు, చిన్న పట్టకారు, వెడల్పాటి అతుకు టేపు, టోపీ, టార్చి. తిండికి పులిహోర మంచిది, పెరుగన్నం పదకొండింటికే పులుస్తుంది. ప్యాంటు కాళ్లను సాక్సుల్లోకి దోపాలి. చెప్పులతో రావద్దు. చీలమండ కప్పే బూటు వేసుకుంటే పాముల భయం సగం తగ్గుతుంది, కాలు మడతపడదు కూడా. ఎందుకంటే ఇక్కడి బాట మట్టిది కాదు. గుండ్రని గులకరాళ్లు పరిచినట్టు ఉంటుంది, దిగేటప్పుడు అవి కాలికింద దొర్లుతాయి. ఎక్కేటప్పుడు పడేవాళ్లు తక్కువ, దిగేటప్పుడు పడేవాళ్లే ఎక్కువ. పాదం అడ్డంగా పెట్టి, అడుగు చిన్నది చేసి దిగాలి.

పార్కులోకి ఏడింటికి వెళ్లినా సీతాకోకచిలుకలు కనబడలేదని నిరాశ పడొద్దు. వాటికి సొంత ఒంటివేడి ఉండదు. ఎండ తగిలి రెక్కల కండరాలు వేడెక్కితేగాని ఎగరలేవు. చలికాలంలో అది ఎనిమిదిన్నర, తొమ్మిది అవుతుంది. ఆ లోపు పిట్టల్ని చూడండి. పొదల్లో కముజులు కూస్తాయి, తీగల మీద పాలపిట్ట కూర్చుని ఉంటుంది, నెమళ్లు బాట దాటుతాయి. తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా సీతాకోకచిలుకలకు మంచి సమయం. మిట్టమధ్యాహ్నం అవి నీడకు చేరతాయి.

ఎక్కడ వెతకాలన్నది ముఖ్యం. పువ్వుల దగ్గర చూసేకన్నా గొంగళిపురుగు తినే మొక్కల దగ్గర చూస్తే ఎక్కువ కనబడతాయి. ఆడది గుడ్లు పెట్టడానికి ఆ మొక్కనే వెతుక్కుంటూ వస్తుంది. ప్రతి జాతికీ తన మొక్క ఉంది. జిల్లేడు దగ్గర నారింజ రంగు ప్లెయిన్ టైగర్, రేల చెట్టు దగ్గర పసుపుపచ్చ కామన్ ఎమిగ్రెంట్, నిమ్మ, మారేడు, వెలగ చెట్ల దగ్గర లైమ్ బటర్‌ఫ్లై తిరుగుతాయి. ఈశ్వరి తీగ ఉన్నచోట నల్లటి రెక్కలు, ఎర్రటి ఒళ్లు ఉన్న క్రిమ్సన్ రోజ్ కనబడుతుంది. ఈశ్వరి ఆకులోని విషం గొంగళిపురుగు ఒంట్లో చేరి, రెక్కలొచ్చాక కూడా అలాగే ఉంటుంది. అందుకే అది పిట్టలకు భయపడకుండా నింపాదిగా ఎగురుతుంది, ఫొటో తీయడానికి అన్నిటికన్నా సులువు. చెట్ల కొమ్మల మీద బదనిక, అంటే చెట్టు రసం పీల్చి బతికే పరాన్న మొక్క, పట్టి ఉంటే తల పైకెత్తి చూడండి. కామన్ జెజెబెల్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు దాన్నే తింటాయి. మామిడితోట కోసం బదనికను శత్రువుగా చూడటం అలవాటైన కళ్లకు ఇది కొత్తగా ఉంటుంది.

గిలిగిచ్చ మొక్క ఎండిన కొమ్మల మీద నీలపు చారల బ్లూ టైగర్‌లు గుంపుగా వాలి ఉంటే అవి తేనె కోసం రాలేదని గుర్తుపట్టాలి. అవి మగవి. ఆడదాన్ని ఆకర్షించే వాసన తయారు చేసుకోవడానికి ఆ మొక్కలోని రసాయనాలను గోకి పీల్చుకుంటాయి. అలాగే తడి ఇసుక మీద గుంపుగా వాలినవి ఉప్పు లవణాలు పీలుస్తుంటాయి. వాటి మధ్యలోంచి నడవకుండా పక్కకు తిరిగి వెళ్లండి, ఒకసారి చెదిరితే అంతమంది మళ్లీ చేరడానికి చాలాసేపు పడుతుంది. నీడ వాటి మీద పడకుండా, సూర్యుడికి ఎదురుగా వంగి, అడుగడుగునా ఆగుతూ దగ్గరికి వెళ్తే మూరెడు దూరం దాకా రానిస్తాయి.

ఇక పొణికి. అడవిలో ఎక్కువగా కనబడేవి చండ్ర, బిల్లుడు, తునికి, మోదుగ, రేల, అంకుడు. వాటి మధ్య పొణికి విడివిడిగా, ఎక్కువగా రాళ్ల వాలుల్లో ఉంటుంది. గుర్తు పట్టడానికి ఆకు తిరగేయాలి. పొణికి ఆకు అరచేయంత వెడల్పుగా, అంచు పళ్లుపళ్లుగా ఉండి, అడుగు భాగం తెల్లటి నూగుతో మెత్తటి గుడ్డలా తగులుతుంది. బెరడు బూడిద రంగులో నునుపుగా ఉంటుంది. కొత్తవాళ్లు దీన్ని తపసి చెట్టుతో పొరబడతారు. దాన్నే కొందరు ఎర్ర పొణికి అంటారు. తపసికి బెరడు కాగితంలా పొరలు పొరలుగా ఊడుతుంది, ఆకు ఐదు చీలికలుగా ఉంటుంది, పువ్వుల మీద, కాయల మీద ఉండే నూగు తగిలితే మంట పుడుతుంది. కాబట్టి ఆకు చూడకుండా కాయ పట్టుకోవద్దు. కొండగోగుతో కూడా పొరబడే వీలుంది. ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు లేని కొమ్మల చివర పెద్ద పసుపు పువ్వులు పూస్తే అది కొండగోగే.

పొణికి కింద కాసేపు కూర్చుని చుట్టూ చూడండి. పెద్ద చెట్టు ఉంటుంది, దాని పిల్లలు మాత్రం ఎక్కడో ఒకటి. కాయలో ఉండేది ఒకే గింజ, దాని పెంకు రాయంత గట్టి. తేమ లోపలికి వెళ్లడానికే చాలా కాలం పడుతుంది. ఈలోగా పురుగు పడుతుంది, లేదా వేసవి నిప్పు వచ్చి కాలుస్తుంది. మొలిచినా మేకల నోటి నుంచి, గొడ్డలి నుంచి తప్పించుకోవాలి. బొమ్మలకు పనికొచ్చేంత లావు కావడానికి ఏళ్లు పడుతుంది. నాలుగు వందల ఏళ్లకు పైగా ఈ చేతిపనికి కర్ర ఇస్తూ వచ్చిన చెట్టుకు అడవే తోడు కావాలి, నర్సరీతో మాత్రమే తీరే లోటు కాదిది. మీరు గింజ ఏరుకుని ఇంటికి తెచ్చినా ఉపయోగం ఉండదు, అక్కడే వదిలేయండి.

అపాయాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఇక్కడ జనాన్ని ఇబ్బంది పెట్టేది చిరుత కాదు గనక. చిరుతలు, నక్కలు, అడవిపందులు ఈ అడవిలో ఉన్నాయి, పగలు బాట మీద కనబడటం అరుదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అసలు సమస్య దూలగొండి. చిక్కుడు కాయలా ఉండి, బంగారు రంగు నూగుతో వేలాడే ఆ కాయ గాలికి ఊగినా చాలు, నూగు మెడ మీద పడుతుంది. వెంటనే అందరూ చేసేది గోక్కోవడం, దాంతో నూగు ఒళ్లంతా పాకుతుంది. ముట్టుకోకుండా అతుకు టేపు మెల్లగా అంటించి లాగాలి, అలా నాలుగైదు సార్లు చేసి, ఆ తర్వాతే నీళ్లతో కడగాలి. చొక్కా విప్పి దులపడం కూడా తప్పే, పక్కవాళ్ల మీద పడుతుంది. కంట్లో పడితే నలపకుండా నీళ్లు ధారగా పోసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పరికి కంప పట్టుకుంటే ముందుకు లాగొద్దు, దాని ముళ్లు వెనక్కి వంగి ఉంటాయి. ఒక అడుగు వెనక్కి వేస్తే అదే వదిలేస్తుంది. పశువులు తిరిగే చోట గడ్డిలో కూర్చుంటే పిడుదులు పడతాయి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. కిరసనాయిలు పోస్తే, కాలిస్తే అది కక్కి, లోపలి సూక్ష్మజీవులు ఒంట్లోకి చేరతాయి. రాళ్ల మధ్య, ఎండుటాకుల్లో రక్తపింజర ఉండొచ్చు. దాని రంగు ఎండుటాకుల రంగే. చూడకుండా చెయ్యి పెట్టొద్దు, బండ దాటేటప్పుడు ముందు దాని మీద ఎక్కి అవతల చూసి దిగాలి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకూడదు. కాటు పడిన కాలు కదలకుండా కర్ర కట్టి, ఉంగరాలు, పట్టీలు తీసేసి, మనిషిని నడిపించకుండా మోసుకుని రోడ్డుకు చేర్చి 108కి ఫోను చేయాలి. మన ఆసుపత్రుల్లో వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే. కాబట్టి పామును చంపి తీసుకెళ్లాల్సిన పని లేదు.

సాయంత్రం నాలుగున్నరకి బయటికి వచ్చేయండి. కొండల పడమటి నీడ తొందరగా పడుతుంది, చలికాలంలో ఐదున్నరకే బాట కనబడదు.

రెండో రోజు: కొండ మీద కోట

కొండపల్లి కోటకు రెండు దార్లు. ఘాట్ రోడ్డు అడవిలోంచి మెలికలు తిరిగి పైదాకా వెళ్తుంది, కారు, ఆటో వెళ్తాయి. రెండోది ఊళ్లోంచి నిట్టనిలువుగా ఎక్కే పాత మెట్ల బాట. మోకాళ్లు బాగుంటే మెట్ల బాటన ఎక్కి ఘాట్ రోడ్డున దిగడం మంచిది. మొదటి రోజు చూసిన అడవి దిగేటప్పుడు పైనుంచి కనబడుతుంది, ఏ వాలులో పచ్చదనం చిక్కగా ఉందో, ఎక్కడ గ్రావెల్ తవ్వి కొండను గాయపరిచారో తెలుస్తుంది. ఉదయం ఆరున్నరకి మొదలుపెడితే ఎండ ముదరక ముందే పైకి చేరతారు.

కోటను 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజులు కట్టించారు. తర్వాత గజపతులు, వాళ్ల నుంచి శ్రీకృష్ణదేవరాయలు, ఆ పైన కుతుబ్‌షాహీలు, 1687లో ఔరంగజేబు, చివరికి 1766లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఆ తర్వాత ఇక్కడ నడిచిన సైనిక శిక్షణను 1859లో ఎత్తేశారు. ఇంతమంది దీని కోసం కొట్టుకున్నది కృష్ణానది లోయ మీద, కోస్తాకు వెళ్లే దారి మీద కన్నేసి ఉంచగల చోటు గనకే. పైకెక్కి దక్షిణం వైపు తిరిగి నిలబడితే ఆ కారణం ఎవరూ చెప్పక్కర్లేదు.

లోపలికి వెళ్లేటప్పుడు ఒకదాని వెనక ఒకటి మూడు ద్వారాలు వస్తాయి. మొదటిదైన దర్గా దర్వాజా 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు. యుద్ధంలో చనిపోయిన ఒక ఫకీరు దర్గా పక్కన ఉండటంతో ఆ పేరు. రెండో కొసన గోల్కొండ దర్వాజా జగ్గయ్యపేట వైపు తెరుచుకుంటుంది. రెండు శిఖరాల మధ్య తానీషా మహలు. దాని పక్కన ఊటలతో నిండే లోతైన జలాశయం. ఈ నీళ్లు మరీ చల్లగా ఉండి జ్వరం తెప్పిస్తాయని పాత రాతల్లో ఉంది. ఇప్పుడైతే తాగే ఆలోచనే వద్దు, అంచు రాళ్లు పాచి పట్టి జారతాయి. పిల్లలు వెంట ఉంటే అంచుకు చెయ్యంత దూరంలో పట్టుకుని ఉండాలి.

గోడల్లో రావి, మర్రి వేళ్లు దూరిన చోట రాళ్లు వదులై ఉంటాయి. వాటి మీదికెక్కి ఫొటోలు దిగడం ప్రమాదం. పాత తోరణాల కింద కొండ తేనెపట్టులు ఉన్నాయేమో ముందు తలెత్తి చూడండి. వాటి దగ్గర పొగ, అత్తరు వాసన, కేకలు ఉండకూడదు. తేనెటీగలు లేస్తే ఆగి చేతులు ఊపొద్దు. ముఖం కప్పుకుని, ఆగకుండా వంద గజాలకు మించి పరిగెత్తాలి. నీళ్లలోకి దూకినా లాభం లేదు, తల పైకెత్తే దాకా అవి పైనే తిరుగుతాయి. కోతులకు తిండి చూపించకండి, ప్లాస్టిక్ సంచి చప్పుడుకే వచ్చేస్తాయి.

పైనుంచి చూస్తే ఒకవైపు నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు, ఇంకోవైపు అడవి కొండలు, ఇవతల కృష్ణ. ఇంత పెద్ద పరిశ్రమకు ఇంత దగ్గరలో ఈ అడవి ఉండటం ఈ ప్రాంతానికి ఎంత అవసరమో వానాకాలంలో తెలుస్తుంది. ఈ చుట్టుపక్కల, మైలవరం వైపు కొండల మీద పడ్డ వాన వాగులుగా దిగి బుడమేరులో చేరి, కొల్లేరు దాకా పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి విజయవాడలో కాలనీలకు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ వరదకు కారణాలు చాలా ఉన్నాయి, అడవి ఒక్కటే ఆపగలిగేది కాదు. అయినా చెట్టు, ఎండుటాకు, వేళ్లు పట్టుకున్న మట్టి ఉన్న వాలు మీద వాన ఇంకి మెల్లగా దిగుతుంది. తవ్విన వాలు మీద పడ్డది పడ్డట్టే జారి, మట్టిని కూడా తీసుకుని వాగులో పడుతుంది. కోట గోడ మీంచి రెండు రకాల వాలులూ పక్కపక్కనే కనబడతాయి.

పదకొండున్నర లోపు దిగిపోవాలి. మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని, సాయంత్రం ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమానికి వెళ్లొచ్చు. పట్టిసీమ ఎత్తిపోతల నుంచి పోలవరం కుడికాలువ గుండా వచ్చే గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే చోటు అది. కాలువలో నీళ్లు వదిలిన నెలల్లో వెళ్తేనే కలయిక చూడగలం. మిగతా రోజుల్లో నది గట్టున గాలి పోసుకోవడానికి మంచి చోటు, అంతే. అక్కడ లోతు తెలియకుండా స్నానానికి దిగొద్దు.

మూడో రోజు: బొమ్మల కాలనీ

కొండపల్లి ఊళ్లో బొమ్మల కాలనీ అంటే ఎవరైనా దారి చూపిస్తారు. పది దాటాక వెళ్లండి, అప్పటికి పనిలో కూర్చుని ఉంటారు. సంక్రాంతి, దసరా బొమ్మల కొలువులకు ముందు నెలలో ఎవరికీ ఊపిరాడదు, చూపించే తీరిక ఉండదు. కొనడానికి వస్తే అప్పుడు రావచ్చు, పని చూడాలంటే పండగ అయ్యాక రావాలి. వాకిట్లో పెద్దాయన ఉలి పట్టుకుని కనిపిస్తే నేరుగా ఫోను తీసి వీడియో మొదలుపెట్టకుండా, "బాబాయ్ గారూ, కాసేపు కూర్చుని చూడొచ్చా?" అని అడిగితే పీట వేస్తారు. ఈ పనిని తరతరాలుగా చేస్తున్న ఆర్యక్షత్రియులు తమ పెద్దలు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

పని మొత్తం ఒక్క గుణం మీద నడుస్తుంది. పొణికి కర్ర చాలా తేలిక, మెత్తన, రేకలు బిరుసుగా ఉండవు. ఉలి ఎటు తిప్పితే అటు తెగుతుంది, చీలిపోదు. అయితే పచ్చి కర్రలో నీరు విపరీతంగా ఉంటుంది. దాన్ని ముక్కలుగా కోసి ఎండబెట్టి, చెక్కే ముందు తక్కువ సెగ మీద కూడా కాచి మిగిలిన చెమ్మ లాగేస్తారు. ఇక్కడ తొందరపడితే పాడయ్యేది చివరి దాకా తెలియదు. చెమ్మ ఉన్న కర్రకు రంగు వేస్తే, కొన్ని నెలలకు లోపలి తేమ బయటికొస్తూ రంగును పెచ్చులు పెచ్చులుగా ఎత్తేస్తుంది. అతుకులు కూడా విడతాయి, ఎందుకంటే కర్ర ఆరే కొద్దీ కుంచించుకుంటుంది, అతుకు కుంచించుకోదు. ఎక్కువ సెగ పెడితే ఇంకో తిప్పలు, పైపొర ఆరి లోపల పచ్చిగా ఉండి పగుళ్లొస్తాయి.

ఏటికొప్పాక బొమ్మకూ దీనికీ తేడా ఇక్కడే. అక్కడ అంకుడు కర్రను లేతు మీద తిప్పి, తిరుగుతుండగానే లక్క పూస్తారు, కాబట్టి ఆకారాలు గుండ్రంగా వస్తాయి. కొండపల్లిలో లేతు లేదు. ఒళ్లు, చెయ్యి, తల, తొండం, గొడుగు ఏ ముక్కకా ముక్క చెక్కి అతికిస్తారు. అందుకే అంబారీ ఏనుగు తొండం ఎత్తగలుగుతుంది, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకు మనిషికీ చెట్టుకూ మధ్య గాలిలో నిలబడుతుంది.

అతికే పదార్థం పేరు మక్కు. చింతగింజలు వేయించి పైపొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, ఉడికిస్తే బంక వస్తుంది. దానిలో సన్నటి రంపపు పొట్టు కలిపితే మక్కు. పొట్టు పొణికిదే కావడం మంచిది. అప్పుడు ఆరిన తర్వాత మక్కు, కర్ర రెండూ ఆకురాయికి ఒకేలా అరుగుతాయి. అతుకు దగ్గర గాడి పడదు. మక్కుతో అతకడమే కాదు, ముక్కు, కనుబొమ, చీర కుచ్చిళ్ల వంటి ఉబ్బెత్తు భాగాలను దానితోనే దిద్దుతారు. పలుచగా కలిపితే ఆరేటప్పుడు బీటలు వారుతుంది, గట్టిగా కలిపితే కర్రను పట్టదు. చేత్తో నలిపి చూసి సరిచూస్తారు, దానికి కొలగిన్నె లేదు.

మక్కు ఆరాక ఆకురాయితో, తర్వాత ఉప్పు కాగితంతో నునుపు చేస్తారు. ఆపైన తెల్ల సుద్ద పూత. ఈ పూత కర్ర రంధ్రాలను మూసి, పై రంగును పీల్చేయకుండా కాపాడుతుంది. సుద్ద పూయని చోట రంగు మచ్చలుగా మసకబారుతుంది. బాగా ఆరిన సుద్ద మీద ముందు పెద్ద భాగాల రంగు, తర్వాత అంచులు, చివర కళ్లు. సన్న గీతలకు మేక వెంట్రుకల కుంచె వాడతారు. కళ్లు ఎప్పుడూ చివరే, చేయి తప్పితే ముఖం మొత్తం మళ్లీ సుద్ద నుంచి మొదలుపెట్టాలి.

రంగులు రెండు రకాలు దొరుకుతాయి. ఎనామిల్ వేసినవి మెరుస్తాయి, తడిగుడ్డను కొంతవరకు తట్టుకుంటాయి. ప్రకృతి రంగులవి మెరవవు, చూడ్డానికి మెత్తగా ఉంటాయి, నీళ్లకూ నేరుగా పడే ఎండకూ త్వరగా వెలుస్తాయి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల కోసమైతే రెండోదే అడగండి, చిన్న ముక్కలు అతికిన బొమ్మ మాత్రం వద్దు. కొలువులో పెట్టడానికి ఏదైనా మంచిదే.

కొనేటప్పుడు బొమ్మను చేతిలోకి తీసుకోండి. ఆ సైజుకు ఉండాల్సిన దానికన్నా బరువుగా అనిపిస్తే పొణికి అయ్యే అవకాశం తక్కువ, వేరే కర్రో అచ్చు పోసినదో అయి ఉండాలి. అడుగు భాగం తిప్పి చూస్తే రంగు పూయని చోట పాలిపోయిన తెల్లటి కర్ర, ఉలి గాట్లు కనబడాలి. ఒకే రకం బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి, చేతిపనైతే చూపులో, మెడ వంపులో తేడా ఉంటుంది. దశావతారాల సెట్టు కొనేవాళ్లు పదింటినీ ఒకే ఇంట్లో కొనాలి. రెండు చోట్ల కొంటే ఎత్తులూ ముఖాలూ కలవవు. బేరం ఆడేముందు మొదటి రోజు చూసిన వాలు గుర్తు చేసుకోండి. పొణికి దగ్గర్లో దొరకడం తగ్గేకొద్దీ దూరం నుంచి తెచ్చుకోవాలి, ఆ ఖర్చు బొమ్మ ధరలోనే ఉంటుంది.

ఇంటికి తెచ్చుకునేటప్పుడు చేతులు, తొండాలు, గొడుగులు విరుగుతాయి, ఒళ్లు విరగదు. ఆ సన్న భాగాల చుట్టూ దూది గాని మెత్తటి గుడ్డ గాని చుట్టి, పెట్టెలో బొమ్మ కదలకుండా కాగితం ఉండలు కూరాలి. కారు డిక్కీలో మిట్టమధ్యాహ్నం వదిలేస్తే అతుకులు వదులవుతాయి. ఇంట్లో గాలి ఆడే చోట పెట్టి, పొడి కుంచెతో దుమ్ము దులపడమే చాలు. మక్కు చింతగింజలది కాబట్టి చెమ్మ గోడ పక్కన ఉంచితే బూజు, బొద్దింకలు రెండూ వస్తాయి. అటక మీద పెట్టేటప్పుడు ఎండిన వేపాకు వేసి గుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే లోపల చెమ్మ చేరుతుంది. చెయ్యి విరిగితే ముక్క పారేయకుండా దాచండి. ముక్క ఉంటే మక్కు పెట్టి అతికి, అక్కడి వరకే సుద్ద పూసి రంగు కలిపే పని కాలనీలో చేస్తారు. ముక్క లేకపోతే కొత్త చెయ్యి చెక్కి, ఆరబెట్టి, పాత రంగుకు కలపాలి కాబట్టి ఒక్క రోజులో అయ్యే పని కాదు, బొమ్మను వదిలి వెళ్లి మళ్లీ రావాలి.